బాలింతకి పాలసొర

ఉత్త చేతుల్తో వచ్చావేంటమ్మమ్మా అంటావా? అదేనే సునీతా, అదే చెప్తా. ముందు కాసిని మంచినీళ్ళియ్యి. పిల్ల పడుకుందా? ఏడ్చేడ్చి పడుకున్నట్టుంది, మొహం చూడు ఎట్టా వాడిపోయిందో.

పొద్దున్నే బందరు పోయానా, ఈ వయసులో నీకెందుకే అని మీ అమ్మ ఒకటే గోల. ఎందుకేంటి? నువ్వు కని వారం దాటింది, పాలు పడలా. పాలసొర చేప వండిపెడితే పడతయ్యని నా ఆశ. నర్సమ్మ నవ్వుద్దిలే, నవ్వనీ. ఎండుచేపల గంప మోసిందాన్ని నేను. ఇటు ముక్త్యాల, అటు వీరులపాడు, ఎవరింట్లో పురుడైనా మంత్రసాని తర్వాత కబురు నాకే. మరియమ్మా, సొర తెచ్చిపెట్టవే అని. డబ్బులెక్కడియ్యి అప్పుడు, కందులు కొలిచేవాళ్ళు. మిరపకళ్ళాల రోజులైతే దోసెడు మిరపకాయలు. పేటలో శెట్టిగారు మాత్రం నా గంప కనపడితే ముక్కుకి కండువా అడ్డం పెట్టుకునేవాడు. బస్సులో కండక్టరేమో గంప పైనేయించి, "అత్తా, నువ్వూ పైకెక్కు" అనేవాడు, సచ్చినోడు. ఏం చెప్తున్నా? ఆఁ, సొర.

సొర తోలు ఇసకలాగుంటది. వేణ్ణీళ్ళల్లో ఉడకేసి, గీకేసి, చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేపాల. కానీ ఏ సొర పడితే అది పనికిరాదు. తల్లిసొర కావాల. మగది తింటే పాలు రావు, పిల్లసొర తిన్నా రావు, అది మన వైపు పట్టింపు. మీ అమ్మని కన్నప్పుడు నాకూ అదే పెట్టారు. అందుకని రేవులో తల్లినే అడిగి మరీ ఏరించుకునేదాన్ని. నేనొక్కదాన్నేనా, మెట్టనుంచి పోయిన ప్రతి గంపమనిషీ అంతే.

మిగతా చేపల్లాగా వేలకి వేలు గుడ్లు పెట్టదే అది. మనలాగే కడుపున మోసి కంటది. బొడ్డుతాడు కూడా ఉంటది, కోసినప్పుడు చూసాగా. ఏడాది దాకా మోసి నాలుగో ఐదో పిల్లలు, అంతే. కనడానికి ఒడ్డు దగ్గరకొస్తదంట, తక్కువ నీళ్ళల్లో పిల్లలకి భద్రమని. నువ్వు పురిటికి పుట్టింటికొచ్చినట్టే అనుకో. వలలుండేది కూడా అక్కడే, అదీ దాని ఖర్మ.

నాగేశ్వరమ్మని, రేవులో చేపలెండబెట్టుద్దే, నాకు వదినలాంటిది, తల్లిసొర ఉందా వదినా అనడిగా. నవ్వింది. నవ్వు కాదులే అది. చెయ్యి పట్టుకుని తీసకపోయి పట్టా మీద కుప్ప చూపించింది. అన్నీ పిల్లలేనే! మూరెడు కూడా లేవు. బొడ్డు దగ్గర పచ్చి కూడా ఆరలా. ఇంతింత పిల్లల్ని ఎవరు తింటారు వదినా అంటే, "ఎవరూ తినరు, ఎండేసి పొడి మిల్లుకి తోలతాం, రొయ్యల మేతకి" అంది. అక్కడే చతికిలబడ్డా.

ఎండల్లో రెండు నెలలు వేట ఆపుతారుగా అన్నా. "ఆపుతాం, గుడ్లు పెట్టేవాటికి అది అక్కరకొస్తదేమో, ఏడాది మోసేదానికి రెండు నెలలు ఏ మూలకి?" అంది. చేపల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి మీటింగు పెట్టిందంట. కన్ను పెద్ద వలలు వాడండి, పిల్లలు తగిలితే బతికుండగానే వదిలెయ్యండి, ఈడుకి రావాలంటే వాటికి ఏళ్ళు పడుద్ది అని బతిమాలిందంట. అందరూ తలూపారంట. నాగేశ్వరమ్మ మొగుడూ ఊపాడంట. ఇంటికొచ్చి, "నేను వదిలితే పక్క బోటోడు వదులుతాడా" అన్నాడంట. ఆయన్ని మాత్రం ఏమనాల? ఇంట్లో పొయ్యి వెలగొద్దా?

నేను బయల్దేరేటప్పుడు, "ఇంత దూరమొచ్చావు, వీటినన్నా తీసకపో" అని సంచిలో పోసిచ్చింది. తీసుకున్నా. బస్టాండు దాకా మోసకొచ్చా కూడా. నా వల్ల కాలేదే అమ్మా. నాల్రోజులు బతకని పసిగుడ్లని తెచ్చి నీకెట్టా పెట్టేది? వెనక్కి పోయి ఇచ్చేసొచ్చా. ఇచ్చేస్తే బతికొస్తయ్యా ఏంటి, మిల్లుకే పోతయ్యి. నాకు తెలుసులే. తల్లులన్నిట్నీ ఎప్పుడో తినేసాం, ఇప్పుడు పిల్లల్నీ ఊడుస్తున్నారు. ఇంకేం మిగులుద్ది? ఏం మిగలదు.

ఎంతమంది బాలింతలకి పెట్టిన చెయ్యే ఇది. నా ఇంటి బాలింతకి ఒక్క ముక్క పెట్టలేకపోయా.

అదిగో లేచింది. ఏడవమాకే నువ్వు, పచ్చి ఒళ్ళు, కళ్ళు పోతయ్యి. ఆ డబ్బాలో పాలపొడి కలిపి తే, నేను పడతా. రా నా తల్లీ, రా. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాల, తల్లీపిల్లా నూరేళ్ళుండాల. ఇది కూడా పెరిగి పెద్దదై, ఒక పిల్లని కని, అమ్మమ్మలు చెప్పేవాళ్ళంటగా అమ్మా, సొర తెచ్చిపెట్టవే అని నిన్నడిగితే... నువ్వెక్కడ తెస్తావే...