వదులు తీసిన కొలత

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీన ఆస్పత్రి వృద్ధుల వార్డులో పోషకాహార నిపుణురాలిగా చేరిన నాడు, కాలక్రమంలో అందరూ ‘కొలతలమ్మ’ అని గౌరవించబోయే ఆ యువతికి అప్పగించబడిన సమస్త ఆయుధ సంపత్తి ఒక తూకపు యంత్రం, గోడ మీద గీసిన ఒక ఎత్తుబద్ద. నడుము వంగినవారు ఆ గోడకు ఆనుకోలేరు. మంచం పట్టినవారు ఆ యంత్రం ఎక్కలేరు. అందుచేత ఆమె గుడ్డ టేపు చేతబట్టి, మడమ నుండి మోకాలి దాకా కొలిచి ఎత్తును గణించడం, పిక్కల, జబ్బల చుట్టుకొలతలతో కండ క్షీణతను పసిగట్టడం ఆరంభించారు.

“మోకాలు చూసి ఎత్తు చెప్తారా? ఇంకేం, గోరు చూసి వయసు కూడా చెప్పేయండి!” అని పెద్ద డాక్టరు గారు సెలవిచ్చారు. ఆమె వారి మోకాలినే కొలిచారు. వచ్చిన ఎత్తు వారు చెప్పుకునేదానికన్నా రెండంగుళాలు తక్కువ కావడంతో ఆ శాస్త్రచర్చ అంతటితో సమాప్తమైంది.

ఆమె ఉద్యోగంలో చేరిన ఆరవ ఏట, పని మానుకున్న ఒక దర్జీ గారు నీరసంతో వార్డులో చేరారు. మూడు వారాలకు బరువు రెండు కిలోలు పెరిగింది. జబ్బ ఇరవై నాలుగు సెంటీమీటర్లని కాగితం ఘోషిస్తోంది. ఇంటికి పంపే ఉత్తరువు సిద్ధం. కూతురు సంచీ సర్దేసింది. కొలతలమ్మ గారి చూపు మాత్రం ఆయన మెడ కింది గుంటల మీద ఆగింది.

“ఇదెవరు కొలిచారు బాబాయ్?”

“నేనే తల్లీ! నర్సమ్మ తీరిక లేదంది. నలభై ఏళ్లు ఊరందరి జబ్బలూ కొలిచాను, నాది కొలుచుకోలేనా?”

“వదులెంత పెట్టారేంటి?”

“రెండు వేళ్లు. బిగుతుగా కుడితే ప్రాణం తీసెయ్యదూ?”

వదులు తీసి కొలిస్తే జబ్బ ఇరవై.

“బరువు పెరిగిందిగా!” అన్నారు డాక్టరు గారు చిరాకుగా.

“పెరిగింది కాళ్లలో నీరండీ, మనిషి కాదు.”

“నన్నింటికి పోనివ్వవా ఏంటి?” దర్జీ గారు గయ్యిమన్నారు.

“తింటే పంపిస్తా. ముందు ఆ కట్టుడు పళ్లు చూపించండి.”

వదులైన పళ్లతో నమలలేక, ఆ సంగతి కూతురికి చెప్పుకోవడం నామోషీ అనిపించి, ఆయన చేరిన నాటి నుండి తమ అన్నం పళ్లేన్ని పక్క మంచానికి దాటిస్తున్నారు! ఆ స్థితిలో ఇంటికి పంపి ఉంటే నెల తిరిగేదాకా బతికేవారు కాదని డాక్టరు గారే కేసు షీటులో ఎర్ర సిరాతో రాశారు. కొత్త పళ్లు అమరాక, పది వారాలకు, దర్జీ గారు సంచీ తామే మోసుకుంటూ వెళ్లారు. జబ్బ కొలవనిదే ఏ వృద్ధుణ్ణీ ఇంటికి పంపరాదన్న నియమం ఆ వారంలోనే వెలసింది. దాన్ని పాటించడం ఆమె నేర్పిన నర్సుల సంఖ్య ఈనాటికి రెండు వందలు దాటింది.

కొలతలమ్మ గారు ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్నారు. “ఇక రోజూ నా జబ్బేనా కొలిచేది?” అని ఆమె భర్తగారు ఇప్పటి నుండే దిగులు పడుతున్నట్టు భోగట్టా. ఆ దిగులుతోనే ఆయన వేళకు భోంచేస్తూ, ఆయన్ను కొలిచే ఓపిక ఆమెకు తొంభై దాటినా తరగకుండా, ఇద్దరూ ఆయురారోగ్యాలతో వర్ధిల్లుదురు గాక!