కొట్టేసిన పేజీ

పుట్టుకతో వచ్చే వెన్నెముక లోపం, స్పైనా బైఫిడాకి చికిత్స చేసే క్లినిక్‌లో ఏటా నింపే ఫారం అది. చక్రాల కుర్చీలో ఉన్న ఇరవై ఆరేళ్ళ కూతురి తరఫున తల్లి ఎప్పట్లాగే నాలుగో పేజీకి అడ్డంగా గీత కొట్టింది.

"ఆ పేజీ ఎందుకు కొట్టేశావమ్మా?"

"దాంపత్యం, గర్భనిరోధం... మనకెందుకే అవన్నీ?"

"నాకు కావాలి."

తల్లి కూతురి వైపు తిరిగింది. "ఎవరే?"

"నా కుర్చీ రిపేరు చేసే అతను."

"వీడి దుంప తెగ! నెలకి రెండుసార్లు చక్రం బిగించడానికి వచ్చేది ఇందుకా?"

"మెల్లిగా అమ్మా, అందరూ చూస్తున్నారు."

"మరి మొన్న ఒళ్ళంతా దద్దుర్లొచ్చి, ఊపిరాడకపోతే... కొత్త సబ్బు పడలేదన్నావు?"

"సబ్బు కాదు, కండోమ్. అదీ రబ్బరేనని మా ఇద్దరికీ తట్టలేదు."

"నీకు రబ్బరు పడదని పుట్టినరోజుకి ఒక్క బుడగ కట్టనివ్వలేదే నేను! డాక్టర్ల చేత గ్లవుజులు మార్పించాను. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదేం?"

"చెప్పేవాళ్ళే. ఆ పేజీలో టిక్కు పెడితే నర్సు విడిగా కూర్చోబెట్టి అన్నీ చెబుతుందట. నువ్వేమో పదేళ్ళుగా కొట్టేస్తున్నావు."

తల్లి ఆ ఫారం పట్టుకుని లేచి, కౌంటరు దాకా వెళ్ళింది.

"ఇంకో ఫారం ఇవ్వండమ్మా. ఇది నేను పాడుచేశాను. ఈసారి మా అమ్మాయి చేతికే ఇవ్వండి."