ముట్టుకోండి, ఏమీ అనుకోరు

(విదేశీ యాత్రికులు హోటల్లో దిగిపోయాక ఖాళీ బస్సు. గైడూ, బస్సు నడిపే అతని బావమరిదీ.)

“ఇంక ఆ మైకు కట్టెయ్ బావా. ఉన్నది మనిద్దరమే.”

“రేపటికి కొత్త మాట దొరికిందిరా, విను. ‘మా దేశానికి చలికాలం తెలీదు. ఎండా వానా, అంతే. ఎండుకర్ర పాతినా చిగురేస్తుంది. మా అడవి పిట్టలకి ఎన్ని రంగులో, మా మనుషులకి అన్ని నవ్వులు...’ ఎలా ఉంది?”

“సీట్ల కింద నమిలి ఉమ్మిన బబుల్‌గమ్. రోజూ గీకలేక చస్తున్నా.”

“తుడిస్తే పోతుంది. ఇవాళ ఆ అడవివాళ్ళ డాన్సు దగ్గర నా జోకుకి ఎలా నవ్వారు! నువ్వొక్కడివే ఆముదం తాగిన మొహం పెట్టావ్.”

“ఏమన్నావో మళ్ళీ చెప్పు.”

“‘మా అడవి మనుషులకి అబద్ధం రాదు, సిగ్గు రాదు. బట్ట కట్టడం మొన్నీమధ్యే నేర్పాం’ అన్నా.”

“ఏం అడవి మనుషులు? అందరూ మన పక్క వీధివాళ్ళే. పొద్దున్నే బిందెలతో కుళాయి దగ్గర మన వెనకే నిలబడతారు.”

“అది చెబితే ఎవడొస్తాడ్రా? విమానమెక్కి వచ్చింది మన బిందెలు చూడ్డానికా?”

“తర్వాత?”

“తర్వాతేంటి?”

“ఆ టోపీవాడు, ఆడేవాళ్ళలో ఒకామెని చూపించి ముట్టుకోవచ్చా అన్నాడు.”

“ఓ, అదా. పాపం, మర్యాదగానే అడిగాడు.”

“ఎవర్ని? ఆమెనా, నిన్నా?”

“గైడుని నేనుండగా ఆమెనెందుకు... ‘ముట్టుకోండి, మావాళ్ళు ఏమీ అనుకోరు’ అన్నా. చెంప మీద చెయ్యేశాడు, ఫొటో దిగాడు, అయిపోయింది. ఆమె కదిలిందా, మెదిలిందా?”

“వాడి బొటనవేలు ఆమె పెదవి మీదుంది.”

“నేను చూళ్ళేదు.”

“అసలామె మొహం చూశావా బావా?”

“అంగుళం మందం రంగు. ఏముంటుందిరా చూడ్డానికి? ఛీ, ఏం గోల నీది... ఒరే, ఎటు తిప్పుతున్నావ్? ఇల్లు అటు కదా!”

“మా అమ్మ దగ్గరికి. అక్క అక్కడుంది.”

“అదేంటి? డాన్సువాళ్ళ వేషాలు కుట్టడం అవగానే తిన్నగా ఇంటికొస్తానంది మీ అక్క.”

“ఇవాళ కుట్టలేదు. ఆడే పిల్లకి జ్వరం. ఒక మనిషి తక్కువైందని, అక్కనే కట్టుకోమన్నారు.”

“కట్టుకో... ఏం కట్టుకోమన్నారు?”

“ఏం కడతారో నీకు తెలీదా?”

“ఒరే... లేదు. లేదురా. మరి నువ్వు... నువ్వు చూస్తూ నిలబడ్డావా?”

“వాడి మీదకి వెళ్ళబోయాను. వద్దని కళ్ళతోనే చెప్పింది. నీ ఉద్యోగం పోతుందని.”

“బండి ఆపు. ఆపరా ముందు!”

“ఆపను. వచ్చి చూడు. ఇందాక అమ్మ ఫోన్ చేసింది. రంగు ఎప్పుడో పోయిందట బావా. నెత్తురొస్తోందే అని చెయ్యి పట్టుకున్నా వినకుండా, పీచు పెట్టి ఆ చెంప ఇంకా రుద్దుతూనే ఉందట.”