ఇరవైరెండు స్తంభాల బండి

సత్యారావు నోరు తెరిచాడంటే దీవిలోని బతు బస్తీలో కుక్కలు కూడా మొరగడం మానేసి చెవులు రిక్కిస్తాయని పేరు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒంట్లో అరవై ఎనిమిది గ్రాముల కండైనా మిగల్లేదు గానీ గొంతు మాత్రం ఓడ హారనే. ఆదివారం మధ్యాహ్నం ఎరుకమ్మ టీకొట్టు ముందు బల్లమీద ఆయన కాలుమీద కాలేసుకున్నాడంటే ఆ వీధికి ఇంకే వినోదమూ అక్కర్లేదు.

ఆ ఆదివారం యిర్మియా మాత్రం వినోదానికి రాలేదు. ప్రార్థన ముగియగానే ఇంటికైనా వెళ్లకుండా, ఇస్త్రీ చొక్కాతోనే నేరుగా వచ్చాడు. పదేళ్లు టిప్పర్ మీద ఇసుకా కంకరా తోలినవాడు, నెల కిందట కొత్త ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ ఓడలోంచి మూడు ఫ్లాట్‌బెడ్ బళ్లు దింపింది. వాటికి పక్కగోడలుండవు, వెనక తలుపుండదు. ఒట్టి ఇనప బల్ల, దానిమీద సరుకు, సరుకు మీద గొలుసులు. టిప్పర్లో ఇసుకని గోడలు పట్టుకుంటాయి, ఇక్కడ పట్టుకునేది గొలుసొక్కటే. చెన్నై నుంచి వచ్చిన ట్రైనరు వారంపాటు అదే మంత్రం చెప్పాడు: కుదుపులకి సరుకు సర్దుకుంటుంది, గొలుసు వదులౌతుంది, మధ్యమధ్య ఆగి, దిగి, బిగించుకో.

బాగానే ఉంది. కానీ రేపు పొద్దున్న యిర్మియా తొలి లోడు రంగత్‌కి. ఇనప కరెంటు స్తంభాలు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు గేటు దాటితే, ఆదివాసుల కోసం కేటాయించిన యాభై కిలోమీటర్ల అడవి. అక్కడ బళ్లన్నీ వరసకట్టి కాన్వాయ్‌గా పోవాలి, మధ్యలో ఎవడూ ఆపకూడదు, దిగకూడదు. పాపం ట్రైనరుకి ఆ అడవే తెలీదు. పదిహేనేళ్ల కిందట అలాంటి బండిమీద అలాంటి స్తంభాలే తోలినవాడు ఊళ్లో ఒక్క సత్యారావే.

"మావా, ఒక్క మాట. గొలుసు ఎక్కడ ఆపి బిగించేవోడివి?"

"గొలుసా?" సత్యారావు గ్లాసు పక్కన పెట్టాడు. "సునో అల్లుడూ. ఇరవైరెండు స్తంభాలు. ఒక్కోటీ తొమ్మిది మీటర్లు. ఫెరార్‌గంజ్ దాటేక దిగుడంతా బ్రేకు మీద కాలెయ్యకుండా గేరు మీదే దింపేను. అందులో గొప్పేటీ లేదులే, బండి తెలిసినోడు ఎవడైనా దింపుతాడు. ఆ తరవాత ఏటైందో తెలుసా?"

"గొలుసు వదులైందా?" యిర్మియా ముందుకి వంగాడు.

"వదులా? తెగిపోయింది! నాలుక్కి నాలుగూ, టపాకాయల్లాగ! ముందు పోలీసు జీపు, వెనకాల ముప్పై బళ్లు, ఆపడానికి లేదు. ఏం చేస్తాను? భుజంమీద తువ్వాలు తీసి కిటికీలోంచి వెనక్కి ఒక్క విసురు విసిరేను. ఎల్లి ఇరవైరెండు స్తంభాల్నీ చుట్టేసి దానంతటదే ముడి పడిపోయింది."

"ఓలమ్మా, తువ్వాలే!" ఎరుకమ్మ టీ వడకడుతూ అంది. "మా ఆయన తువ్వాలు ఆయన బొజ్జకే అందదు."

"మీ ఆయనది బజారు సరుకు. నాది పొందూరు నేత, సమజ్ గయా? సరే, వంపొచ్చింది. స్తంభాలన్నీ ఎడం పక్కకి జారుతున్నాయి. నాను కుడిపక్కకి ఒరిగేను. నాతోపాటు బండీ ఒరిగింది. ఎడం చక్రాలు గాల్లో లేచిపోయేయి, మూడు కిలోమీటర్లు అలాగే పోయేను. మరి గాల్లో ఉన్న టైరొకటి పంచరని కనపడింది. ఎలాగూ గాల్లోనే ఉంది కదా అని అప్పుడే మార్చీసేను."

బల్లమీదున్నవాళ్లు పడీపడీ నవ్వారు. "మరి స్టీరింగో?" అని ఎవరో అడిగారు.

"కాలితో! నీకు రెండు కాళ్లెందుకిచ్చాడనుకున్నావు దేవుడు?"

యిర్మియాకి నవ్వు రాలేదు. బల్ల చివర కూర్చున్న తిరుమలరావుకీ రాలేదు. రిటైరైన బస్సు డ్రైవరాయన. చేతిలో టీ చల్లారి మీగడ కట్టింది, ఒక్క గుక్కైనా తాగలేదు.

"మావా, రేపు ఆరింటికి నాను గేటు దగ్గరుండాల. ఇంట్లో మా ఆవిడ ఎలీసబెతు రాత్రంతా నిద్దరోలేదు. నిజంగానే అడుగుతున్నాను."

"నిజంగానే చెప్తన్నాను భయ్యా! రెండో వంపులో స్తంభాలు ఎగిరిపోయేయి. గెద్దల్లాగ, ఆకాశంలోకి! నాను గేరు మార్చి, వాటికన్నా ముందెళ్లి, అవి ఎక్కడ దిగుతాయో అక్కడ బల్ల పెట్టేను. ఠకాఠక్, ఒక్కోటీ దాని చోట్లో అది పడింది. లెక్కపెడితే ఇరవైమూడు! మధ్యలో ఒక పడౌక్ చెట్టు కూడా వచ్చి కూర్చుంది. ఆ తరవాత మిడిల్ స్ట్రెయిట్ రేవు చేరేసరికి ఫెర్రీ అవతలి ఒడ్డున ఉంది. నాను ఆగుతానా? స్తంభాలన్నీ నీళ్లమీద పరిచి బండి ఎక్కించీసేను. ఒక్క గజం తక్కువైతే, ఇంతలావు మొసలొచ్చి వీపు అడ్డం పెట్టి—"

"నువ్వు ఆ రోజు మిడిల్ స్ట్రెయిట్ దాకా రాలేదు, సత్యం."

తిరుమలరావు గొంతు పెంచలేదు. అయినా నవ్వుతున్నవాళ్ల నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

"అది వేరే ట్రిప్పు," అన్నాడు సత్యారావు.

"నీ వెనకాల బస్సు నాది. స్తంభాలు ఇరవైరెండే. రోడ్డుమీద నానే లెక్కపెట్టేను." తిరుమలరావు యిర్మియా వైపు తిరిగాడు. "గొలుసు తెగలేదు బాబూ. వదులైంది, అంతే. కాన్వాయ్ వదిలేదాకా గేటు దగ్గర నలభై నిమిషాలున్నాం. బిగించడానికి పది నిమిషాలు చాలు. అందరం అక్కడి టీకొట్టులోనే కూర్చున్నాం. ఇతను కథ చెప్తన్నాడు. తరవాతేటి, తరవాతేటి అని ఎగదోసింది నానే. గేటు తీసేసేరు. లోపలికెళ్లేక ఆ గొలుసు చప్పుడు నా బస్సులోకి వినపడింది. ఆపడానికి లేదు. ఇతని రెండో డ్రైవరు తాతబ్బాయి తలుపు తీసుకుని, నడుస్తున్న బండిలోంచే వెనకాల బల్లమీదికి పాకేడు, బిగిద్దామని. అప్పుడే వంపొచ్చింది."

చల్లారిన టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

తాతబ్బాయి యాక్సిడెంట్లో పోయాడని బస్తీలో అందరికీ తెలుసు. ఏ బండి, ఏ గొలుసు అని మాత్రం పదిహేనేళ్లుగా ఎవరూ అడగలేదు. అడిగేలోగా సత్యారావు నవ్వించేసేవాడు.

ఎరుకమ్మ స్టవ్వు తగ్గించింది. యిర్మియాకి లేచి వెళ్లిపోవాలనిపించింది, కానీ రేపటి గొలుసులు నాలుగూ కళ్లముందే వేలాడుతున్నాయి.

"మావా. ఎక్కడ బిగించమంటావు?"

సత్యారావు తన అరచేతులు చూసుకున్నాడు. ఓడ హారన్ లాంటి ఆ గొంతు పక్కవాడికి కూడా అందనంత సన్నగా వచ్చింది.

"గేటు దగ్గర. బండి ఆగీ ఆగంగానే. నాలుగూ బిగించు. బిగించేక చేత్తో లాగి చూడు. ఎవడు పిలిచినా ఎల్లకు."

"అలాగే మావా."

"బిగించొస్తానని తాతబ్బాయి రెండుసార్లు లేచేడు. నానే చెయ్యట్టుకుని లాగేను, ఇది వినీసి ఎల్లరా అని," అన్నాడు సత్యారావు. "కూర్చున్నాడు."