పెంటయ్య పిల్లలు

ఎమర్జెన్సీ పోయిన ఏడాదే, సంగారెడ్డిలో విచారణ ముగించుకొని వస్తూ ఇద్దరు పటాన్‌చెరు హోటల్లో టీకి ఆగారు. ఒకాయన ఆ ప్రాంతపు నాయకుడు. రెండో ఆయన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రిజిస్టరు రాసిన కోస్తా గుమస్తా.

"ఇగ పరేషాన్ గాకు. పెండ్లిగాని పెంటయ్యను పట్కపోయి ఆపరేషన్ చేయించిన్రన్న అర్జీ కొట్టేసిన్రు. రిజిస్టర్ల ముగ్గురు పిల్లల తండ్రి అని ఉన్నది గద."

"అలా రాసింది నేనే కదండీ."

"నేను రాయమంటెనే రాస్తివి. మంత్రి వచ్చే దినానికి క్యాంపుల మంది తక్కువైన్రు. ఏం జేస్తం?"

"నిన్న విచారణలో ఆ ముగ్గురు పిల్లల మాట విని, సాయంత్రం పెంటయ్య మా ఇంటికొచ్చాడండీ."

"లొల్లి పెట్టిండా?"

"లేదండీ. అరుగు మీద కూర్చుని, 'నా పిల్లల పేర్లేంది సారూ?' అని అడిగాడు."

"నువ్వేమన్నవ్?"

"రాసినవే చెప్పాను. ఆ రోజు తొందరలో ఏ పేర్లూ తోచక మా పిల్లల పేర్లే రాసేశానండీ."

"అరె! గంత పని జేస్తివా?"

"మూడో పేరు కమల. ఆ మాట అనగానే, తనను పిలిచాననుకుని మా చిన్నది పరిగెత్తుకొచ్చింది."

"వాడేమన్నడు?"

"చాలాసేపు దాన్నే చూశాడు. తల నిమిరి, 'మంచిగ సదువుకో బిడ్డా' అని వెళ్లిపోయాడండీ."

"పోయిండు గద. ఇగ మరిచిపో."

"అప్పట్నుంచీ 'ఆయనెవరు నాన్నా?' అని అడుగుతోందండీ. రిజిస్టరులో ఏం రాయాలో మీరే చెప్పారు. దానికేం చెప్పాలో కూడా మీరే చెప్పండి."