వన్స్ మోర్ అంటే వినే పెట్టె

మాలకొండయ్య అని ఉండేవోడు మా ఊళ్లో, నాకు బావ, మా అక్క అంకమ్మ మొగుడు. పగలు పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారను కాడ మంటేసేవోడు, నాటకం ఉందంటే మహారాజు వేషం కట్టేవోడు. హార్మోనీ నాది. అడవిలో రాజు పెళ్లాం బిడ్డల్ని తల్చుకుని ఏడ్చే పద్యం ఒకటి ఉండాది, దాన్ని బావ ఎత్తుకున్నాడంటే ముందు వరసలోంచి 'వన్స్ మోర్' అని కేక పడేది. అడిగితే మళ్లీ పాడాల్సిందే, అది మా నాటకాల్లో మర్యాద. ఒకసారి గుడ్లూరు కాడ ఆరుసార్లు పాడిచ్చుకున్నారు, ఆరోసారికి నా చెయ్యి తిత్తి నొక్కలేక పడిపోయింది అనుకో. సరే, ఆ పద్యం సంగతి హైదరాబాదు టీవీ వాళ్ల చెవిన పడి మమ్మల్ని పిలిపిచ్చి దాన్ని కెమెరాలో పట్టుకున్నారు. ఎప్పుడేస్తారయ్యా అంటే ఉత్తరం రాస్తాంలే పొమ్మన్నారు. ఇంతలో ఏమైందంటే, బావకి గొంతులో కాయ కాసింది. ఒంగోలు డాక్టరు కోసి తీసేశాడు, ప్రాణానికేం భయంలేదు, మాట కూడా గుసగుసగా వస్తది, పాట మటుకు మర్చిపోండి అన్నాడంట. మా అక్క తిరిగొచ్చి ఆ మాట చెప్పి పొయ్యి ఎలిగిచ్చుకుంది, ఏడవలా. ఆయన మటుకు గోడవైపు తిరిగి పడుకున్నోడు నెల రోజులు ఇటు తిరగలా.

అప్పుడొచ్చింది ఉత్తరం. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి మీ పద్యం వేస్తన్నాం, చూడండి అని. ఊరంతా పండగనుకో. పంచాయితీ టీవీ ఉండనే ఉండె. అయితే మా అక్క ఒక మాటంది. "తమ్ముడా, ఆ టీవీ ముందు కూర్చుని మనం వన్స్ మోర్ అంటే అది మళ్లీ పాడుద్దా?" అంది. పాడదక్కా అన్నా. "అయితే ఆయన గొంతు అయిదింటికొచ్చి అయిదూ పదికి పోద్దా?" అంది. టేపురికార్డరు పెట్టి పట్టుకుందాంలే అంటే ఒప్పుకోలా. "ఆయన పద్యంలో సగం కళ్లతో పాడతాడురా, కళ్లని టేపురికార్డరు ఎట్టా పట్టుద్ది?" అంది. నిజమేగా మరి. అప్పుడే కందుకూరులో జిలానీ భాయ్ వీడియో మెషీన్లు అమ్ముతా, అద్దెకిస్తా ఉండాడని తెలిసి, నాటక సమాజంలో కొత్త పరదాల కోసం దాచిన డబ్బు మూటగట్టుకుని శనారం పొద్దున్నే నేనూ మా అక్కా బస్సెక్కినాం. ఊరు ఊరంతా నన్నే పొమ్మంది. ఎందుకంటే మెషీన్ల గురించి తెలిసినోణ్ణి నేనొక్కణ్ణేనంట. నేను విప్పి బాగుచేసిన మెషీన్లు మొత్తం రెండు, ఒకటి హార్మోనీ, రెండోది కుట్టు మిషను. ఆ కుట్టు మిషను తర్వాత కుట్టలేదనేది వేరే సంగతి.

జిలానీ రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకటి వెండిరంగుది, తమలపాకు మాదిరి సన్నంగా, ముందు పచ్చదీపం మిలమిలా మెరుస్తా ఉండాది. ఇంకోటి నల్లది, రుబ్బురోలంత బరువు, ఒక మీట ఊడిపోయి బొక్క కనపడతా ఉంది. "మామా, మీకు చూట్టానికా, పట్టటానికా?" అన్నాడు జిలానీ. నేను ఆ మాట చివరిదాకా విన్నానా? వినలా. "నాకు చెప్పబాక భాయ్, ముప్పై ఏళ్లుగా హార్మోనీ మెట్ల మీద వేళ్లు పెట్టి బతికినోణ్ణి. నా పరీక్ష నాకుంది" అన్నా. పరీక్ష ఏందంటే, ఏదో క్యాసెట్టు పెట్టిచ్చి, పాట అయిపోంగానే కొట్టు మధ్యలో నిలబడి 'వన్స్ మోర్' అని అరిచినా. రోడ్డు మీద పొయ్యేవోళ్లు ఆగారు. జిలానీ మీట నొక్కితే వెండిది రెండు చప్పట్లు కొట్టేలోపల గిర్రున వెనక్కొచ్చి మళ్లీ పాడింది. నల్లదాన్ని అడిగితే అది ముసలిబర్రె లేచినట్టు మూలిగి మూలిగి, నేను బీడీ ముట్టిచ్చుకుని సగం కాల్చినాక వచ్చింది. "అక్కా, తేలిపోయింది, వెండిదే" అన్నా. జిలానీ "మామా, అది కాదు, ఆ వెండిది ఏందంటే" అని ఏదో చెప్పబోతే, మా అక్కని పక్కకి లాగి "చూశావా, దుమ్ముకొట్టుకుపోయిన సరుకు మనకి అంటగట్టాలని చూస్తన్నాడు" అన్నా, ఆయనకి వినపడేటట్టే. జిలానీ ఇంక నోరు మూసుకుని, డబ్బు తీసుకుని వెండిదాన్ని తాడుతో కట్టిచ్చాడు. అరే, అక్కడ కూర్చుని ఏం నవ్వుతావే సీతాలూ, ఇంకా ఏం చెప్పలేదు నేను.

ఆదివారం నాలుగింటికే పంచాయితీ అరుగు ముందు జనం. చాపలేసుకుని, చంకలో పిల్లలతో, వేరుసెనక్కాయలు వలుచుకుంటా. బావని ముందు వరసలో కుర్చీ ఏసి కూర్చోబెట్టినాం, గొంతుకి తువ్వాలు చుట్టుకున్నాడు. నేను పెళ్లికొడుకు మాదిరి మెషీను పక్కన కూర్చుని తీగలన్నీ తగిలిచ్చినా. కొత్త క్యాసెట్టు దూర్చినా. అప్పుడు మా అక్క వంగి చూసి, "ఒరే, వీటిల్లో రాసుకునే మీట ఏది?" అంది. ఇదిగో ఇది అన్నా. అది ఆపే మీట. అయితే ఇది అన్నా. అది బయటికి కక్కే మీట. ఉన్నయ్యే అయిదు మీటలు, అయిదూ నొక్కినా. బళ్లో పంతులు దాంతోపాటు ఇచ్చిన పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పి, "మావయ్యా, ఇది చదివే పెట్టె, రాసే పెట్టె కాదు. దీనికి ఏసింది ఆడిచ్చటమే తెలుసు, పట్టుకోవటం రాదు" అన్నాడు నెమ్మదిగా. మా అక్క నన్ను తిట్టలా. తిట్టినా బాగుండేది. బావవైపు చూసింది, అంతే.

టైము నాలుగున్నర. కందుకూరు పద్నాలుగు కిలోమీటర్లు, బస్సు లేదు. నేను పంచె ఎగ్గట్టి పరిగెత్తినా పోస్టుమాస్టరు ఇంటికి. ఆయన నిద్రకళ్లతో తాళం తీసి ఫోను కలిపాడు. "జిలానీ భాయ్, నేను మామని" అన్నా. "ఏ మామ, నిన్న దుమ్ముకొట్టుకుపోయిన సరుకన్న మామేనా?" అన్నాడు. "ఆ ఎదవనే" అన్నా. "తప్పయిపోయింది, బావ గొంతు అయిదింటికి వస్తది, మళ్లీ ఈ జన్మలో రాదు, ఆ నల్లదాంతో నీ కొట్లోనే పట్టు భాయ్, నీ కాళ్లు మొక్కుతా" అన్నా. "ఆ నల్లదాన్ని పొద్దున్నే పెళ్లివారింటికి అద్దెకిచ్చా మామా" అన్నాడు. ఎట్టా భాయ్, ఎట్టా అంటంటే, "ఫోను పెట్టెయ్" అని ఠక్కున పెట్టేశాడు. వస్తదనీ చెప్పలా, రాదనీ చెప్పలా.

నేను అరుగు కాడికొచ్చి మా అక్కకి ఫోను సంగతి చెప్పేసరికి అయిదు. టీవీలో ఆడమనిషి నవ్వి బావ పేరు చెప్పింది. బావ కనపడ్డాడు, కిరీటం, బుగ్గలకి రంగు, పక్కన నేను హార్మోనీ ముందు. జనం ఒక్క ఊపున లేచారు. బావ ఊపిరి తీసుకుని నోరు తెరిచాడు చూడు, కరెంటు పోయింది. అంతే. నల్లటి అద్దంలో మా మొహాలే మాకు కనపడ్డయి. మా అక్క లేచి కొంగు దోపుకుని, "సైకిలు తియ్యి" అంది. వెనక మా అక్కని ఎక్కిచ్చుకుని తొక్కినా, ఆ తొక్కుడు ఎవురూ తొక్కి ఉండరు, గొలుసు రెండుసార్లు ఊడింది, ఊడినప్పుడల్లా మా అక్క దిగి నడిచేది, నేను గొలుసేసి అందుకునేవోణ్ణి. ఇంకా ఎలుగుండగానే కందుకూరు చేరినాం, అక్కడ కరెంటు పోనే లేదంట.

కొట్టు ముందు పట్టుపంచెలోళ్లు పదిమంది ఉండారు. లోపల జిలానీ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని కూర్చోనున్నాడు. ఏమైందంటే, ఫోను పెట్టేసి ఆయన పెళ్లివారింటికి పరిగెత్తాడంట. వియ్యాలవాళ్లు సినిమా చూస్తంటే మధ్యలో తీగ పీకి, పెట్టె నెత్తినెట్టుకుని పరిగెత్తుకొచ్చాడంట. వాళ్లు ఊరుకుంటారా, కొట్టేదానికి వెంటపడ్డారంట. ఊడిపోయిన ఆ మీటే రాసుకునే మీటంట, ఆ బొక్కలో మేకు పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకుంటేనే పడతదంట. ఆయన అట్టా అదిమి పట్టుకుని ఉంటే, పెళ్లివాళ్లు చొక్కా పట్టుకుని లేపబోయారంట, అప్పుడు టీవీలో బావ ఎత్తుకున్నాడంట. చొక్కా పట్టుకున్న చెయ్యి అట్టనే ఉండిపోయిందంట. పద్యం అయిపోంగానే ఆ చొక్కా పట్టుకున్న పెద్దాయనే 'వన్స్ మోర్' అని కేకేశాడంట. జిలానీ క్యాసెట్టు తీసి మా అక్క చేతిలో పెట్టి, "అమ్మా, సాంతం వచ్చింది. మధ్యలో నేను ఊపిరి కూడా పీల్చలా" అన్నాడు. మా అక్క అప్పుడేడిచింది, అంతమంది ముందర.

సోమారం సాయంత్రం జిలానీయే నల్లదాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. వెండిది తీసుకుపోయి ఇది మాకిచ్చేశాడు, శనారం నేనన్న మాట ఒక్కటి కూడా ఎత్తలా. కరెంటుంది. నేను మీట నొక్కినా. బావ గొంతు, కోసిన డాక్టరుకి కూడా దొరకని గొంతు, అరుగంతా నిండింది. 'వన్స్ మోర్' అన్నారు. పెట్టె మూలిగి మూలిగి వెనక్కొచ్చి పాడింది. అప్పుడు కనిపెట్టినా నేను. మూడో పాదం చివర ఆయన పైకి పోతాడు, నా వేలేమో పక్క మెట్టు మీద పడింది, గాడిద ఓండ్రపెట్టినట్టు ఒక్క కూత. స్టేజీ మీదయితే రెండోసారికి దిద్దుకుంటాం, ఎవురికి గుర్తుంటది. ఇదేమో ఎన్నిసార్లడిగితే అన్నిసార్లూ, అదే చోట, అదే కూత. మూడోసారికి ఊరంతా పట్టేసింది. నాలుగోసారికి ఆ చోటు కోసమే కాసుక్కూర్చున్నారు. బావ నావైపు తిరిగాడు. భుజాలు ఎగిరెగిరి పడతన్నయి. ఏడుస్తన్నాడేమో అని భయపడి దగ్గరికిపోతే, చప్పుడు లేకుండా నవ్వుతున్నాడయ్యా. నెల రోజులు గోడవైపు తిరిగి పడుకున్నోడు, కళ్లెంబడి నీళ్లు కారేటట్టు నవ్వి, నా చెవి కాడికి నోరు తెచ్చి గుసగుసగా "వన్స్ మోర్" అన్నాడు. ఇంక నేను చేసేదేముంది, వెనక్కి తిప్పి మళ్లీ నొక్కినా.

అదీ సంగతి. నేను పోయినాక కూడా నా తప్పు మా బావ పద్యం పక్కనే కూర్చోనుంటది. నేను సరిగ్గా వాయిచ్చుంటే ఈ ఊళ్లో నన్నెవుడు తల్చుకుంటాడు, మీరే చెప్పండి.