మాటు కనబడని పిల్లనగోవి

"రిపేరా? రిపేర్లు లేవు నాయనా. ఎవరు పంపేరు నిన్ను? ఇక్కడ బకెట్లు, మగ్గులు, చీపుళ్లు. అంతే."

"బోర్డు మీద రేకుపని అని రాసుంది కదమ్మా."

"బోర్డు పాతది. పనిచేసే మనిషి లేడు. పదకొండేళ్లయింది."

"ఒక్కసారి సూడండి. పిల్లనగోవి. సిన్నదే."

"చూసి నేనేటి చేస్తాను? నాకు ఊదడం రాదు, బాగుచెయ్యడం రాదు. నువ్వు ఎండలో నిలబడకు, ముందు లోపలికి రా. ఏదీ, ఇలగియ్యి."

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో ఉంది చాంద్ సుల్తానా కొట్టు. ఆమెకు అరవై రెండేళ్లు. పొద్దున్నే తాళం తీసేదీ ఆమే, సాయంత్రం వేసేదీ ఆమే. బేరాల్లేని మధ్యాహ్నంపూట వచ్చి నిలబడినవాడికి నలభై దాటి ఉంటాయి. భుజాన సంచి, చేతుల నిండా వెల్డింగు మచ్చలు. పాత తువ్వాలులో చుట్టి తెచ్చిన జానెడున్నర రేకు పిల్లనగోవిని ఆమె చేతిలో పెట్టాడు.

"ఉండు, కళ్లజోడు... ఊఁ. ఎక్కడిదిది?"

"సబ్బవరం."

"సబ్బవరంలో ఎక్కడ?"

"మా ఊరేనమ్మా అది. నా పేరు జగ్గయ్య. రోడ్డు పక్కన సిన్న వెల్డింగు షెడ్డుంది నాకు. ముందు ఉక్కునగరంలో కాంట్రాక్టు పని సేసీవోణ్ణి. కాంట్రాక్టు అయిపోయాక..."

"నీ సంగతి అడగలేదు. ఇదెక్కడిదన్నాను."

"అదే... సబ్బవరం."

"మాటెక్కడుంది దీనికి?"

"ఏటమ్మా?"

"మాటు. అతుకు. రేకుని కడ్డీకి చుట్టి గొట్టం చేస్తే అంచూ అంచూ కలిసేచోట సీసం కరిగించి పోస్తారు కదా, ఆ గీత. ఎవడు చేసినా వానపాములాగ ఉబ్బి కనబడతాది. దీనికేదీ? నా కళ్లకి కనబడట్లేదు. గోరుతో వెతుక్కోవాలి. ఇదిగో, ఇక్కడ. ఎంత సన్నంగా లాగేడో చూడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. సీసం కరిగించే కావియా ఒక్కసారి పెట్టి, ఊపిరి బిగబట్టి, కిందనుంచి పైకి ఒకే లాగుడు."

"మధ్యలో ఊపిరి వొదిల్తే పోయినట్టే."

"నీకెలగ తెలుసు?"

"మరి... వెల్డింగోణ్ణి కదమ్మా."

"వెల్డింగు వేరు, ఇది వేరు. మీది ఇనుము, ఎంత కాల్చినా ఓర్చుకుంటాది. ఇది డబ్బా రేకు. ఒక్క క్షణం ఎక్కువైతే రంగు మారిపోతాది. సరే, మూతి దగ్గర చూడు. పెదవి తగిలేచోట మాటు లేదు. అక్కడ రేకుని మడతేసి నొక్కేడు. ఎందుకో తెలుసా?"

"సీసం నోట్లోకి ఎల్లకూడదని. పిల్లలు ఊదుతారు కదా."

"ఎవరు చెప్పేరు నీకు?"

"ఎవరో అన్నారు. ఇన్నాను."

"ఎవరో అనరు నాయనా ఈ మాట. ఒకప్పుడు ఈ సందులోనే రేకుపనోళ్లు పదిమంది ఉండేవారు. లాంతర్లు, గరాటాలు, కిరసనాయిలు డబ్బాలు. తీర్థాలు, జాతరలొస్తే అందరూ పిల్లనగోవులు చేసేవారు. అందరూ మాటు మూతిదాకా లాగేసేవారు. మడతేసినవాడు ఒక్కడే. నవ్వేవారందరూ. తీర్థంలో కొని సాయంత్రానికి పారేసేదానికి ఇంత పనెందుకు బాషా అనేవారు."

"బాషా..."

"మా ఆయన. హుస్సేన్ బాషా."

"ఊఁ."

"ఊఁ అంటావేటి? దీనికేటి రిపేరు? ఎక్కడా సొట్ట లేదు. బిరడా గట్టిగానే ఉంది. అంకుడు కర్ర బిరడా. నీళ్లు తగిలినా ఉబ్బదు. ఏటి పాడైంది?"

"ఏటీ పాడవలేదమ్మా."

"మరెందుకొచ్చేవు?"

"మీకు సూపిద్దామనే..."

"ఆగు. ఇది పాతది కాదు."

"కాదమ్మా."

"సీసం ఇంకా మెరుస్తోంది. ఏడాదైతే మసకబారిపోతాది. ఇది నెల కూడా కాలేదు."

"ఇరవై రోజులు."

"ఇరవై రోజులు! ఇరవై రోజుల కిందట చేసేడా? అంటే ఉన్నాడు. ఉన్నాడన్నమాట."

"అమ్మా, నాను ఒకటి సెప్పాలి..."

"మాటాడకు. అడుగు చూడాలి. అంచు లోపలికి తిప్పేడు కదా, ఆ తిప్పిన దాని వెనక... వేలు పట్టట్లేదు నాకు. చిటికెన వేలు. ఆఁ. ఉంది. యా అల్లా, ఉంది."

"ఆ సుక్కేనా అమ్మా? మేకుతో ఒక్క దెబ్బ. ఎందుకది? నానెన్నిసార్లు అడిగినా సెప్పలేదు."

"అడిగేవా? ఎవర్ని?"

జగ్గయ్య తువ్వాలుని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"ఎవర్నడిగేవు నువ్వు?"

"బాషా గారిని."

"తెలుసా నీకు?"

"తెలుసమ్మా. మా షెడ్డులోనే. ఎనక రేకుల గది ఉంది, అందులో ఉండీవోరు."

"మరి ఇంతసేపూ తెలీనట్టు ఈ నాటకమేటి?"

"సెప్పాలనే వొచ్చాను. ఎక్కడ మొదలెట్టాలో తెలీక..."

"సబ్బవరంలోనా? ఇక్కడికి గంటంపావు దూరంలోనా? నేను కొత్తవలస వెళ్లేను. అనకాపల్లి వెళ్లేను. రాజమండ్రిలో చుట్టాలుంటే అక్కడికీ వెళ్లేను. సబ్బవరంలో ఎందుకు వెతుకుతాను? అక్కడ మాకెవరున్నారని?"

"అందుకే వొచ్చారేమోనమ్మా."

"ఆ చుక్క నా ముక్కుపుడక."

"ఏటమ్మా?"

"పెళ్లైన కొత్తలో నా ముక్కుపుడక పోయింది. వెక్కివెక్కి ఏడ్చేను. అప్పుడు చేస్తన్న పిల్లనగోవి అడుగున చుక్క కొట్టి, నీది ఎక్కడికీ పోలేదు, ఇదిగో అన్నాడు. అప్పట్నుంచీ ప్రతిదానికీ. కొన్నవాడికి తెలీదు, ఊదినవాడికీ తెలీదు. నీ దగ్గర చేసినవాటిక్కూడా పెట్టేవాడా? నిజం చెప్పు."

"నాను సూసిన ప్రతిదానికీ ఉందమ్మా."

"ఒక్కటి కూడా వదల్లేదా?"

"వొదల్లేదు. ఓసారి మరిసిపోయి, అమ్మీసిన పిల్లనగోవిని తీర్థంలో ఎనక్కడిగి తెచ్చి కొట్టేరు. ఆ కుర్రోడి తల్లి తిట్టింది కూడాను."

"అయితే కోపం లేదన్నమాట."

"కోపమెందుకమ్మా?"

"చెప్పలేదా నీకు?"

"మీ మీద ఒక్క మాట కూడా అన్లేదెప్పుడూ."

"అనడు. ఆ రోజూ అన్లేదు. చూడు, ఆ పై అర. ఖాళీగా ఉంది కదా. అక్కడుండేవి ఆయన పిల్లనగోవులు. నూటికి పైనే. తీర్థాలకి ప్లాస్టిక్ ఈలలొచ్చేసేయి, ఇవెవడూ కొనట్లేదు. అయినా చేసేవాడు. ఒక్కోదానికి వారం. గరాటాలు అడిగినవాణ్ణి రేపు రా అనేవాడు. నేను బకెట్లు తెప్పించేను, పెట్టడానికి చోటు లేదు. శుక్రవారం నమాజుకి వెళ్లేడు. తుక్కు కొనేవాడు సందులోకొచ్చేడు. నేనే అందించేను ఒక్కొక్కటీ. వాడు గోనెలో వేసుకుని, చోటు చాలట్లేదని కాలితో తొక్కేడు."

"అమ్మా..."

"ఆ చప్పుడు నేను విన్నాను. విని కూడా ఆపలేదు. నమాజునించొచ్చి అర చూసేడు. బకెట్లు చూసేడు. ఈ నీలంరంగు బాగుంది అన్నాడు. అన్నం తిన్నాడు. తెల్లారి లేచి చూస్తే కావియా లేదు, కత్తెర లేదు, ఆకురాయి లేదు, మనిషి లేడు. ఆ బకెట్లు కిందకి దించేసేను. మళ్లీ ఆ అరలో ఏదీ పెట్టలేదు."

"ఒకసారి వొచ్చేరమ్మా ఇక్కడికి."

"ఎప్పుడు?"

"ఎల్లిపోయిన రెండో ఏడు. రేకు కొనడానికని సిటీకొచ్చి ఈ సందులోకొచ్చేరంట. ఆ ఎదర టీకొట్టు దగ్గర నిలబడ్డారంట. మీరు ఎవరికో బకెట్టు ఇస్తా నవ్వుతన్నారంట. సుకంగా ఉందిలే అని ఎనక్కొచ్చీసేరు."

"నవ్వకపోతే కొంటారా? బేరం కదా! బేరానికి నవ్వుతాం. ఆమాత్రం తెలీదా ముప్పై ఏళ్లు కొట్టు పెట్టినవాడికి? నాలుగడుగులు. ఆ టీకొట్టు నుంచి నాలుగడుగులు."

ఆమె ఆ టీకొట్టు వైపు చూసింది. అక్కడ ఎవరో గ్లాసులు కడుగుతున్నారు.

"ఊదు."

"ఇప్పుడా?"

"నాకు వినాలనుంది. ఊదు."

జగ్గయ్య పిల్లనగోవి పెదవులకి ఆనించి ఊదాడు. పాటేమీ కాదు, కింది స్వరం నుంచి పైకి, మళ్లీ కిందికి. ఎదురింట్లో ఎవరో కిటికీ తెరిచారు, ఇటు చూసి మూసుకున్నారు.

"ఆయనదే. కింది స్వరంలో కాస్త గాలి కలిసింది చూడు. మనిషి పాట మొదలెట్టబోతూ ఊపిరి తీసుకున్నట్టు. మిగతావాళ్ల పిల్లనగోవులు కీచుమంటాయి. ఇలగ రావాలంటే మూడో బెజ్జం మిగతావాటికంటే చిన్నది ఉండాలి. కొలతతో రాదది. ఒక దెబ్బ ఆకురాయి, ఒకసారి ఊదడం, ఒక దెబ్బ, ఒకసారి ఊదడం. ఒక్క దెబ్బ ఎక్కువైతే మొత్తం పారెయ్యడమే. బెజ్జం అంచు చూడు, పాపాయి పెదవిలాగ ఉంది. వేలుకి ఎక్కడా గరుకు తగలదు. ఈ వయసులో కూడా చెయ్యి వణకలేదు మా ఆయనకి. అన్నం ఎక్కడ తింటాడు?"

"మా ఇంట్లోనే తినీవోరు. మా ఆవిడ పెట్టీది."

"తినేవాడేటి? ఇప్పుడెవరు పెడతన్నారు? మీ మీద కూడా మనసు కష్టపెట్టుకుని వెళ్లిపోయేడా?"

"లేదమ్మా. మాతో ఎప్పుడూ..."

"ఎండు రొయ్యల కూరంటే ప్రాణం. మీరు వండుతారా? నేను వండి తెస్తాను. వద్దు, ఇప్పుడు వండితే పొద్దుపోతాది. పద."

"ఎక్కడికమ్మా?"

"సబ్బవరం. ఈ తాళం కాస్త పట్టుకో. బస్సు మార్కెట్ దగ్గరే ఎక్కుదాం."

"అమ్మా, కూర్సోండి."

"కూర్చోను. పదకొండేళ్లు కూర్చున్నాను. ఆయన రానన్నా నేనొస్తాను. ఏటీ అడగను. గుమ్మంలో నిలబడి, నవ్వింది బేరానికని చెప్పి వచ్చేస్తాను. ఆ ఒక్కటీ చెప్పాలి నేను. ఈ పిల్లనగోవి ఆయనే పంపేడు కదా? నోటితో పిలవలేక దీన్ని పంపేడు. నాకు తెలుసు ఆయన సంగతి."

"అమ్మా, నా మాట ఇనండి. ఒక్క నిమిషం."

"బస్సులో చెప్పు."

"బాషా గారు పోయి వొచ్చే నెలకి రెండేళ్లమ్మా."

"ఏటి?"

"తెల్లారగట్ల గుండెలో నొప్పన్నారు. ఆటోలో ఎక్కించేం. దారిలోనే... నా సెయ్యి పట్టుకునే ఉన్నారు. మసీదోళ్లొచ్చి అన్నీ పద్దతి పెకారం సేసేరు. నానూ మట్టి ఏసాను."

"అబద్ధం."

"అమ్మా..."

"అబద్ధమాడకు. అన్నం పెట్టేం అన్నావు, ఇప్పుడు మట్టి వేసేం అంటావా? రెండేళ్లయితే ఎందుకు రాలేదు నువ్వు?"

"రెండుసార్లు ఈ సందు సివరిదాకా వొచ్చేను. వొట్టి సేతుల్తో మీ ఎదర ఎలగ నిలబడాలో తెలీక ఎనక్కెల్లిపోయేను. తప్పే. తిట్టండి."

"ఎందుకు తిట్టాలి? నువ్వు చెప్పేది నిజమైతే కదా. ఇది చూడు. సీసం మెరుస్తోంది. ఇరవై రోజులని నువ్వే అన్నావు. మాటు ఆయనది. మడత ఆయనది. చుక్క ఉంది, ఆ గాలి ఉంది. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని చూసినదాన్ని, ఆయన చేతిపని నాకు తెలీదా? పోయినవాడు ఎలగ చేస్తాడిది?"

"‘జగ్గా, నీకు పనొచ్చిందో లేదో నన్నడక్కు. వన్‌టౌన్‌లో సుల్తానా ఉంది, ఒకటి చేసి పట్టుకెళ్లు. ఇది మా ఆయనదే అందంటే నీకు పనొచ్చినట్టు’ అనీవోరమ్మా ఎప్పుడూ. ఇరవై రోజుల కిందట... ఇది నాను సేసేనమ్మా."